పరదా కింది కారు

మొన్న సద్దుల బతుకమ్మ నాడు ఇక్కడ అమెరికాలో మన సంఘం పిల్లలు వేసిన నాటిక మీరంతా చూసిందే. హన్మకొండలో ముసలి తండ్రి కారు మీది పరదా దులుపుతుంటే అమెరికా నుంచి కొడుకు ఫోన్. "బాపూ, కారు స్టార్ట్ చేస్తున్నవా?" అదే మొదటి మాట. హాలంతా నవ్వింది. నాకు మాత్రం నోట్లో సత్తుపిండి మింగుడు పడలేదు.

ఆ కొడుకుని నేనే. 2024 మేడారం జాతరకు పోయినప్పుడు కొన్న కారు సుబేదారిలో మా ఇంటి ముందే ఉంది. కంటి ఆపరేషన్ అయినంక బాపు పెద్దగా నడపడు. అయినా ప్రతి ఆదివారం చాయ్ తాగి ఐదు నిమిషాలు ఇంజన్ నడిపి ఆపేవాడు. ఎలుకలు దూరకుండా బానెట్ కింద పొగాకు కాడలు పెట్టేవాడు. ఎంత శ్రద్ధో! కానీ సెల్ఫు కొట్టినప్పుడు బ్యాటరీలో ఖర్చయింది ఆ ఐదు నిమిషాల్లో నిండదు. తాళం వేసి ఉన్నా అలారం, గడియారం కొంచెం కొంచెం తాగుతూనే ఉంటాయి. అట్లా దిగిపోయి నెలలు పడి ఉంటే ప్లేట్ల మీద సల్ఫేట్ గడ్డకడుతుంది, మునుపటి బలం మళ్లీ రాదు.

నిరుడు వానకాలంలో ఒక రాత్రి అమ్మకు ఆయాసం వచ్చింది. "టక్ టక్ అంటున్నది గని సెల్ఫు తిరుగుతలేదు బిడ్డా" అన్నాడు బాపు ఫోన్‌లో. ఎదురింటాయన వానలో పోయి ఆటో తెచ్చాడు. అమ్మ కోలుకుంది. ఆ ఆటో హారన్ ఫోన్‌లో వినపడేదాకా నేను వంటగదిలో నిలబడే ఉన్నాను.

కారు అమ్మేయమనే వాళ్ల మాటలో న్యాయముంది. కానీ ఇంటి ముందు బండి ఉంటే అమ్మకు ధైర్యం. అందుకే ఈ యేడు సంక్రాంతికి పోయి బ్యాటరీ మెయింటెయినర్, అంటే ఎప్పుడూ తగిలించి ఉంచే చార్జర్, పెట్టించాను. మామూలు చార్జర్ అట్లాగే వదిలేస్తే బ్యాటరీలో నీళ్లు ఇగిరిపోతాయి. ఇదైతే బ్యాటరీ నిండగానే తగ్గి 13.5 వోల్టుల దరిదాపుల్లో నిలుపుతుంది. ఇక్కడ కొని పట్టుకుపోకండి, 120 వోల్టులకే చేసింది అక్కడి 230కి కాలిపోతుంది. కరెంటు పోయి వచ్చినా దానంతటదే మొదలయ్యేది కొనండి.

అన్నీ బాపు చేతనే చేయించాను. స్విచ్ ఆపి ఉంచి ఎర్ర క్లిప్పు ప్లస్‌కు, నల్లది బ్యాటరీకి దూరంగా ఇంజన్ మీద రంగు లేని ఇనుముకు, ఆ తర్వాతే స్విచ్. తీసేటప్పుడు ముందు స్విచ్, తర్వాత నల్లది, చివరికి ఎర్రది. చార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది, బ్యాటరీ దగ్గర నిప్పురవ్వ లేవొద్దు. మొదటిసారి బాపు వేళ్లు వణికాయి. రెండోసారి నన్ను చేయి పెట్టనివ్వలేదు.

డిసెంబర్‌లో వరంగల్, కరీంనగర్, జగిత్యాల పోయే అన్నలూ అక్కలూ, మీ కార్లకూ ఇది పెట్టించండి. మీరు బిగించి రావొద్దు. ఒక పూట పక్కన కూర్చుని వాళ్ల చేతనే పెట్టించి, తీయించండి. తాళం చెవి బీరువాలో దాచకుండా వాళ్ల దిండు పక్కనే ఉంచి రండి.