గర్టీ మొదటిది కాదండీ
1914 నాటి గర్టీ డైనోసారే ప్రపంచంలో మొదటి కార్టూన్ సినిమా అని వ్యాసంలో రాశారు, అది మాత్రం కరెక్ట్ కాదు. ఫ్రాన్స్‌లో ఎమిల్ కోల్ 1908లోనే ఫాంటాస్మగోరీ అనే కార్టూన్ తీశాడు, అంతెందుకు, గర్టీని గీసిన విన్సర్ మెకే కూడా అంతకుముందే లిటిల్ నీమో కార్టూనూ, దోమ మీద ఇంకో కార్టూనూ తీసి ఉన్నాడు. అయినా గర్టీ పనితనం చూస్తే ఈ లెక్కలు ఎవరికి కావాలిలెండి. వెనక దృశ్యం మీద పరిచి కదిలే బొమ్మ ఒక్కటే గీసుకునే పారదర్శకమైన సెల్యులాయిడ్ షీట్లు మెకే అప్పటికి వాడలేదు, కాబట్టి డైనోసార్ కదిలినా కదలకపోయినా వెనకున్న రాళ్లూ నీళ్లూ ప్రతి కాగితం మీదా మళ్లీ గీయాల్సిందే, అలాంటి కాగితాలు వేలల్లో! ఆ చాకిరీ అంతా జాన్ ఫిట్జ్‌సిమన్స్ అనే కుర్రాడి నెత్తిన పడింది. వెనక గీతలు సన్నగా వణుకుతున్నట్టు కనిపించేది అందుకే. నేనూ ఒకసారి ట్రేసింగ్ పేపర్ మీద ఎగిరే బంతి గీద్దామని కూర్చున్నా, 20 బొమ్మలకే మెడ పట్టేసింది, తీరా ఫోన్‌లో ఫొటోలు తీసి వరసగా తిప్పి చూస్తే బంతి కంటే నేలే ఎక్కువ ఎగిరింది. అన్నట్టు సినిమాలో మెకే కోప్పడగానే గర్టీ చిన్నపిల్లలా ఏడుస్తుంది చూడండి, అక్కడ నాకు నవ్వూ జాలీ రెండూ ఒకేసారి వస్తాయి.