ఫ్యాను కథ పంపిన బంధువులకు ఒక వృద్ధాశ్రమం నర్సు జవాబు

ఆ మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. నాకు ఈ నెలలో ఇది నాలుగోసారి, ఈసారి మా కుటుంబం గ్రూపులోనే. కథ ఏమిటంటే, కొడుకు తల్లిని వృద్ధాశ్రమంలో చేర్చి వెళ్ళిపోతాడు. చివరి రోజుల్లో ఆవిడ కొడుకుని పిలిపించి, "ఇక్కడ ఫ్యాన్లు పెట్టించు నాయనా, ఒక ఫ్రిజ్ కొనిపెట్టు" అంటుంది. "ఇన్నాళ్ళూ అడగలేదేమమ్మా?" అంటే, "నేను ఎలాగో ఓర్చుకున్నాను, రేపు నీ పిల్లలు నిన్నిక్కడ వదిలితే నువ్వు ఓర్చుకోలేవు" అంటుంది. కింద దండాల బొమ్మలు, వాటి కింద ఐదు "నిజాలు". వృద్ధాశ్రమం మన సంస్కృతి కాదు. అక్కడున్నది పిల్లలు వదిలేసినవాళ్ళే. లోపల ఖైదీల బతుకు. కదిలితే కట్టేస్తారు, అరిస్తే మత్తుబిళ్ళ వేస్తారు. ఇంట్లో ప్రేమగా చూసుకుంటే చాలు, పట్టెడన్నం పెట్టలేరా?

నేను హైదరాబాదు శివార్లలో ఒక వృద్ధుల కేంద్రంలో పదకొండేళ్ళుగా నర్సుని. ముందు ఫ్యాను సంగతి. మూడు మంచాల గదిలో ఒకావిడకి ఫ్యాను ఐదులో తిరగాలి, ఇంకొకావిడకి రెండు దాటకూడదు, కిటికీ పక్క మామ్మకి మే నెలలో కూడా స్వెట్టరు. అర్ధరాత్రి రెగ్యులేటరు దగ్గర జరిగే పంచాయితీలు తీర్చలేక చస్తున్నాం. ఫ్యాను లేక కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళని నేనింకా చూడలేదు.

సంస్కృతి మాటలో సగం నిజముంది. ఇప్పుడు మనం చూసే వృద్ధాశ్రమం రూపం బయటి నుంచి వచ్చిందే. లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్ అనే ఫ్రెంచి సన్యాసినుల సంఘం 1882లోనే కలకత్తాలో వృద్ధుల కోసం ఒకటి తెరిచింది. సికింద్రాబాదులోనూ వాళ్ళ హోమ్ ఉంది. కానీ అంతకుముందు మన ముసలివాళ్ళందరూ మనవల మధ్య పడక్కుర్చీలో కూర్చుని కాలం వెళ్ళదీశారా? "కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే" అన్న సామెత ఎవరిది? కాశీవాసం పేరుతో ఊరొదిలి, సత్రాల్లో అన్నం తిని, గంగ ఒడ్డున ప్రాణం విడవడానికి వెళ్ళినవాళ్ళలో విధవరాళ్ళు ఎంతమందో. దాన్ని పుణ్యం అన్నాం కాబట్టి ఎవరికీ సిగ్గనిపించలేదు.

ఇంకొకటి. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన సగటు ఆయుష్షు 32 ఏళ్ళ దగ్గర. పసిపిల్లల చావులు ఎక్కువ కాబట్టి సగటు అంత కిందికి దిగిందనుకోండి, ముసలివాళ్ళు అప్పుడూ ఉన్నారు. కానీ పక్షవాతం వచ్చి మంచాన పడ్డ మనిషి ఎక్కువకాలం నిలిచేవాడు కాదు. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరడమో, పుండు చీము పట్టడమో తీసుకుపోయేది. ఇప్పుడు అదే మనిషి ఏడెనిమిదేళ్ళు మంచంలో బతుకుతున్నాడు. మన తాతముత్తాతలు అన్నేళ్ళ మంచం చాకిరీ చేసి గెలిచారని చెప్పడానికి లేదు, ఆ పరీక్షే వాళ్ళకి చాలా అరుదు.

ఇక "వదిలేసినవాళ్ళు". ఉన్నారు, అబద్ధం చెప్పను. పండక్కి ఫోను కూడా రాని వాళ్ళు ఇద్దరు ముగ్గురు ప్రతి ఏడూ ఉంటారు. కానీ మా కింది వరండాలో పొద్దున్నే కూర్చునే వరసని చూడండి. మొదటి కుర్చీలో టీచరమ్మ. పెళ్ళి చేసుకోలేదు, తన పెన్షన్‌తో తనే వచ్చి చేరింది, వచ్చేముందు మూడు చోట్లు చూసి బాత్రూములు తనిఖీ చేసింది. పక్కన రాజమండ్రి మామ్మ, వయసు 93. ఆవిడ కొడుక్కి 71. వెన్నుపూస ఆపరేషను అయినవాడు, అమ్మని లేవనెత్తి కూర్చోబెట్టలేడు. ఆదివారం ఆటోలో వచ్చి, అమ్మకి తలదువ్వి, తనూ ఇక్కడే భోంచేసి వెళ్తాడు. ఆ చివర సూపర్నెంటు గారు. భార్యకి మతిమరుపు జబ్బు, రాత్రుళ్ళు తలుపు తీసుకుని రోడ్డెక్కేది. ఇద్దరూ ఒకే గదిలో ఉంటారు. వీళ్ళలో ఎవరిని ఎవరు వదిలేశారో మీరే తేల్చండి.

చట్టానికి కూడా ఈ తేడా తెలుసు. తల్లిదండ్రుల పోషణ, వృద్ధుల సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. చూడాల్సిన బాధ్యత ఉండి పెద్దవాళ్ళని ఎక్కడో దిగవిడిచి పోతే మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి రాయించుకుని, తరవాత చూడకపోతే, ఆ రాతని రద్దు చేయమని ట్రిబ్యునల్‌కి వెళ్ళొచ్చు. అదే చట్టం జిల్లాకి కనీసం ఒక వృద్ధాశ్రమం, 150 మంది నిరుపేదలకి చాలేది, ప్రభుత్వం పెట్టొచ్చని కూడా చెప్పింది. "పెట్టాలి" అనలేదు, "పెట్టొచ్చు" అంది. ఫార్వర్డు చేసేవాళ్ళకి కోపం రావాల్సింది అక్కడ. ఎవరూ ఆ మాట ఎత్తరు.

ఖైదీల బతుకు అన్నారు, ఒక రోజు చెప్తాను. 5 గంటలకి టీ. 5 గంటల 5 నిమిషాలకి "పేపరు వచ్చిందా సిస్టర్?" అని మొదటి కేక. ఆరింటికి షుగరు పరీక్షలు, ఇన్సులిన్లు. తరవాత అమెరికా ఫోన్ల వేళ. దీంట్లో ఒక తమాషా ఉంది. నవంబరు మొదట్లో అమెరికావాళ్ళు గడియారం గంట వెనక్కి తిప్పుకుంటారు. రోజూ ఆరింటికి మోగే ఫోను ఆ వారం నుంచి ఏడింటికి మోగుతుంది. ఆ గంటసేపూ ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న తల్లి మొహం చూడలేం. అందుకే అక్టోబరు ఆఖర్లోనే గది గదికీ వెళ్ళి "వచ్చే వారం నుంచి మీ వాడు గంట ఆలస్యం, కంగారు పడకండి" అని చెప్తాను. ఇది నా డ్యూటీ చార్టులో లేదు. స్నానాల దగ్గర బతిమాలుడు, వేన్నీళ్ళు చాలవని పేచీ, టిఫిన్లు, మగవాళ్ళకి గడ్డాలు, పదకొండింటికి మజ్జిగ. ముసలితనంలో దాహం మందగిస్తుంది, అడిగేదాకా ఆగితే ఒంట్లో నీళ్ళు ఇంకిపోతాయి. కాబట్టి గ్లాసు చేతిలో పెట్టి తాగేదాకా నిలబడాలి. మధ్యాహ్నం పప్పు, కూర, చారు, పెరుగు. పళ్ళు లేనివాళ్ళకి మెత్తగా కలిపి, మింగడం కష్టమైనవాళ్ళకి ఇంకా చిక్కగా మిక్సీ పట్టి. "ఆవకాయ వెయ్యవేం? బీపీ నాకా, నీకా?" అని సూపర్నెంటు గారు రోజూ అడుగుతారు. రోజూ చిటికెడు వేస్తాం.

వేళలు ఎందుకంటే, ఇన్సులిన్ పొడిచిన మనిషి అన్నం తినకపోతే షుగరు పడిపోతుంది, అందుకు. అయితే ఫార్వర్డు రాసినవాళ్ళు పట్టుకోలేకపోయిన తప్పు నేనే చెప్తాను. రాత్రి భోజనం ఆరున్నరకే పెట్టేస్తున్నాం. దానికి వైద్యకారణం ఏదీ లేదు. ఎనిమిదింటికి డ్యూటీ మారేలోపు గిన్నెలు కడగడం అయిపోవాలని, అంతే. జీవితమంతా తొమ్మిదింటికి తిన్నవాళ్ళు అర్ధరాత్రి ఆకలితో లేస్తారు. బిస్కెట్లు దిండు కింద దాచుకుంటారు, చీమలు పడతాయి. పోట్లాడి పోట్లాడి పడుకునే ముందు పాలు ఇప్పించగలిగాను. భోజనం వేళ మాత్రం మార్చలేకపోయాను.

నాలుగో మాట అన్నిటికంటే పెద్దది. కట్టేస్తారు, మత్తుబిళ్ళ వేస్తారు.

జరుగుతుంది. 2020లో ఈ హైదరాబాదు శివార్లలోనే, నాగారంలో, ఒక ఆశ్రమం నుంచి పోలీసులు పదుల మందిని బయటికి తీసుకొచ్చారు. అలాంటి చోట్లు మూయించాల్సిందే. కానీ "వృద్ధాశ్రమం అంటేనే అది" అనేముందు, కట్టడం ఎక్కడ మొదలవుతుందో చూడండి. నన్ను "కట్టేయండి సిస్టర్, పడి తుంటి విరిగితే ఎవరు చూస్తారు?" అని అడిగేది ఎక్కువగా కొడుకులూ కూతుళ్ళే. ఇంట్లో చున్నీతో మంచానికి కట్టి, అలవాటు చేసి మరీ తీసుకొచ్చినవాళ్ళున్నారు. కట్టేస్తే పడరన్నది భ్రమ. కాళ్ళలో బలం పోతుంది, విడిచిన రోజున పడతారు. మంచానికి ఇనప కడ్డీలు ఎత్తిపెడితే వాటిమీదుగా దాటబోయి ఇంకా ఎత్తు నుంచి పడతారు. మంచం ఎత్తు తగ్గించి, పక్కన నేల మీద పరుపు వెయ్యడం మేలు. అమెరికాలో 1987లో తెచ్చిన నర్సింగ్ హోమ్ చట్టం, సిబ్బంది సౌకర్యం కోసం మనిషిని కట్టకూడదని రాసింది. పడమటి జబ్బు అంటున్నారు కదా, ఆ జబ్బుకి మందు కూడా అక్కడివాళ్ళే కొంత కనిపెట్టుకున్నారు. (మనకి నర్సింగ్ హోమ్ అంటే సందు చివర కాన్పుల ఆసుపత్రి. అక్కడ ఆ మాటకి అర్థం ఇలాంటి చోటు.)

మత్తు సంగతీ అంతే. మతిమరుపు ముదిరినవాళ్ళకి పొద్దు వాటారితే కలత మొదలవుతుంది, ఇంటికెళ్ళాలంటారు, కొడతారు. మానసిక జబ్బులకిచ్చే కొన్ని బిళ్ళలు వేస్తే పడుకుంటారు. కానీ మతిమరుపు ఉన్న వృద్ధుల్లో ఈ మందులతో మరణాలు పెరుగుతున్నాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరిక పెట్టింది. మా దగ్గర ఒక ఆర్టీసీ డ్రైవరు తాతగారు మూడు రాత్రులు అరిచి, ఆయమ్మ చెయ్యి కొరికారు. అందరూ "బిళ్ళ పెంచండి" అన్నారు. పొత్తికడుపు తడిమి చూస్తే రాయిలా ఉంది, మూత్రం బిగిసిపోయింది. పైపు వేయగానే బొటబొటా బ్యాగు నిండింది, ఆయన నిద్రపోయారు. బిళ్ళ పెంచి ఉంటే ఆ అరుపు ఆగేది, నొప్పి లోపలే ఉండేది.

మరి ఎందుకు కడతారు, ఎందుకు వేస్తారు? లెక్క చెప్తాను. రాత్రి 8 నుంచి పొద్దున 6 దాకా పది గంటలు. మంచంలోంచి కదల్లేనివాళ్ళు ఐదుగురు అనుకుందాం. పడక పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, అంటే ఒక్కొక్కరికి ఐదుసార్లు, మొత్తం పాతిక. తిప్పి, తడి చూసి, డైపరు మార్చి, మడమ కింద దిండు సర్దేసరికి పది నిమిషాలు. నాలుగు గంటల పైమాటే, అదీ ఇద్దరు మనుషులు పట్టాలి. ఈలోపు లేచి తిరిగేవాళ్ళు, బాత్రూముకి పిలిచేవాళ్ళు వేరే. రాత్రి డ్యూటీలో ఒక్క ఆయమ్మని పెట్టిన చోట ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు. తిప్పడం మానేస్తుంది, లేదా తిరిగేవాళ్ళని కట్టేస్తుంది. ఆవిడ రాక్షసి కాదు, ఆవిడవి రెండు చేతులే. యజమాని మిగతా మనుషుల జీతం మిగుల్చుకున్నాడు.

ఆఖరిది, ఇంట్లో ప్రేమ చాలు అన్నది. ప్రేమ ఉంటే మతిమరుపు రాదా? దేశంలో 60 దాటినవాళ్ళలో సుమారు 7.4 శాతం మందికి డిమెన్షియా, అంటే ఈ మతిమరుపు జబ్బు, ఉందని 2023లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. వీళ్ళలో అత్యధికులు ఇళ్ళలోనే ఉన్నారు, ప్రేమించేవాళ్ళ మధ్యే. పక్షవాతం వచ్చిన తల్లికి ఎంతో ఆపేక్షగా, కానీ పడుకోబెట్టి, ముద్ద నోట్లో పెట్టిన కొడుకుని నాకు తెలుసు. మెతుకులు ఊపిరితిత్తుల్లోకి పోయి నిమ్ము చేసింది. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి వంచి, చిన్న ముద్దలు పెట్టి, తిన్నాక అరగంట పడుకోనివ్వకూడదని అతనికి ఎవరూ చెప్పలేదు. అసలు "ఇంట్లో చూసుకోండి" అన్నప్పుడు ఎవరు చూడాలని? కొడుకు చూడడు, కోడలు చూస్తుంది. ఉద్యోగం మానేది ఆమె. రెండు గంటలకోసారి అలారం పెట్టుకుని లేచేదీ ఆమే. ఫార్వర్డులో ఆమె ఒక్క వాక్యంలో వస్తుంది, అదీ గయ్యాళిగా. ఇల్లు దానంతటదే క్షేమం అనుకోవడం కూడా తప్పే. వృద్ధుల కోసం పనిచేసే హెల్పేజ్ ఇండియా సంస్థ సర్వేల్లో, మిమ్మల్ని వేధించేది ఎవరని వృద్ధుల్ని అడిగితే ముందు వచ్చే జవాబులు కొడుకు, కోడలు.

ఇంట్లో చూసుకోగలిగినవాళ్ళు చూసుకోండి, నేర్చుకుని చూసుకోండి, అంతకంటే ఏం కావాలి. నా గొడవ ఈ మెసేజ్ పంచే సిగ్గుతో. అమ్మని మా దగ్గర చేర్చిన కూతురు బంధువులకి "అక్క దగ్గరుంది" అని చెప్తుంది. మేనత్తకి తెలియదు, పిన్నికి తెలియదు, పాత పక్కింటివాళ్ళకీ తెలియదు. అంటే చూడ్డానికి వచ్చే పదిమంది ఇద్దరవుతారు. ఎవరూ రాని మంచం దగ్గరే పుండ్లు ముదురుతాయి, మత్తుబిళ్ళలు పెరుగుతాయి. దుర్మార్గపు ఆశ్రమాల్ని తిట్టే మెసేజే వాటికి తలుపులు మూసి పెడుతోంది. మా ఆయమ్మ ఒకామెకి కూడా ఇది వచ్చింది. ఆమె తల్లి శ్రీకాకుళం పల్లెలో ఒక్కతే ఉంది, ఈమె పంపే డబ్బుతో పక్కింటివాళ్ళు అన్నం వండి పెడతారు. చదివి ఫోను లోపల పెట్టేసి, పన్నెండు గంటల డ్యూటీకి ఎక్కింది.

మీవాళ్ళు ఎవరైనా ఇలాంటి చోట ఉంటే చెప్పకుండా వెళ్ళండి, రాత్రి ఎనిమిది దాటాక. ఈ రాత్రి డ్యూటీలో ఎంతమంది, మంచాల మీద ఎంతమంది అని అడగండి. దుప్పటి తీసి మడమలు, నడుం కింద చూడండి. మంచం పక్క నీళ్ళ గ్లాసు చేతికి అందేంత దూరంలో ఉందా? మందుల చీటీ ఫొటో తీసుకుని, గత నెల చీటీతో పోల్చి, కొత్త బిళ్ళ ఎందుకు చేరిందో అడగండి. తేడా కనిపిస్తే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కి చెప్పండి. రాత్రి డ్యూటీ లెక్క అడిగితే జవాబు చెప్పకుండా బ్రోచరు చేతిలో పెట్టారంటే, ఇంకో చోటు చూసుకోండి.