వాయిదా గారికి ఒక జూనియరు విన్నపం

మహారాజశ్రీ వాయిదా గారి సముఖమునకు,

ఆరేళ్లుగా సీనియరు గారి ఆఫీసులో పనిచేస్తూ, నిజానికి మీ సేవలోనే తరిస్తున్న జూనియరు న్యాయవాది చేసుకొను విన్నపము.

నిన్న ప్రతివాది కోరికపై మీరు మా సాక్షిని నాలుగోసారి అనుగ్రహించారు. డెబ్బై దాటిన ఆ పెద్దాయన తెల్లవారుజామునే బస్సెక్కి పదిన్నరకల్లా కోర్టు వరండాలో కూర్చున్నారు. నేనేమో ముందురోజు రాత్రి పొద్దుపోయేదాకా కేసు కాగితాల కట్ట విప్పి, చూపించవలసిన దస్తావేజు ప్రతిదానికీ చీటీ అంటించాను. మధ్యాహ్నం మూడున్నరకు పిలుపు వచ్చింది. అవతలి జూనియరు లేచి, తమ సీనియరు గారు వేరే కోర్టులో ఉన్నారని ఒక్క మాట అన్నారో లేదో, మీరు వేంచేశారు. పెద్దాయన బోను మెట్టు మీద పెట్టిన కాలు వెనక్కి తీసుకున్నారు.

సివిల్ దావాలు నడిపే పద్ధతి చెప్పే సివిల్ ప్రొసీజర్ కోడులోని ఆర్డరు 17, రూలు 1 మీరు ఎరగనిది కాదు. దావా విచారణలో ఒక పక్షానికి మూడుసార్లకు మించి మిమ్మల్ని ఇవ్వరాదని 1999లో సవరణ చేసి, 2002 జూలై 1 నుంచి అమలులో పెట్టారు. వకీలు వేరే కోర్టులో ఉండటం మీ రాకకు కారణం కారాదని కూడా ఆ రూలులోనే ఉన్నది. అసాధారణ పరిస్థితులలో మూడు దాటినా ఇవ్వవచ్చునని 2005లో సుప్రీంకోర్టు సెలవిచ్చింది. ఆ సందులోంచి తమరు అంబారీతో సహా ఊరేగుతున్నారు.

 

"బాబూ, నేను బతికుండగా నా మాట వింటారా?" అని పెద్దాయన అడిగారు. నేను డైరీ తెరిచి, తేదీ చీటీ మీద రాసి ఆయన చేతిలో పెట్టాను. సిగ్గులేదా మీకు? ఆయన భూమి, ఆయన సాక్ష్యం, ఆయన బస్సు చార్జీ, మధ్యలో మీరెవరు?

అయితే ఒకటి దాచను. పోయిన వారం మా సీనియరు గారు రాలేకపోతే, సిద్ధంగా లేని కేసులో అదే మాట నేనూ అన్నాను. మీరు ఠక్కున వచ్చారు. హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. అవతలి సాక్షి ముఖం వైపు చూడలేదు.

కట్ట మళ్లీ కట్టేశాను. చీటీలు మాత్రం పీకలేదు.

ఇట్లు,
తమ విధేయుడు