పాట కోసమే వెళ్తే సగం టికెట్ దండగ

మార్చి వచ్చిందంటే అమెరికాలోని హ్యూస్టన్‌లో మనవాళ్లకీ రోడియో పిచ్చి పట్టుకుంటుంది. రోడియో అంటే ఎద్దుల మీద స్వారీలు, పశువుల పోటీల సంబరం. కొత్త బూట్లు, కౌబాయ్ టోపీలు, కుటుంబమంతా కలిసి ఫొటోలు. తీరా స్టేడియంలో అడుగుపెట్టేది మాత్రం కచేరీకి పది నిమిషాల ముందు. రోడియోకీ, అది అయ్యాక జరిగే కచేరీకీ ఒకటే టికెట్. అయినా "ఆ ఎద్దుల గోల ఎవరు చూస్తారండీ" అంటారు. అక్కడి పల్లెల పాట కంట్రీ మ్యూజిక్ అంటే చెవి కోసుకునేవాణ్ణి నేను. అయినా చెబుతున్నా: ఆ ఎద్దులు లేకపోతే ఆ పాటకి అక్కడ పనే లేదు.

1932లో హ్యూస్టన్‌లో మొదలైంది పశువుల ప్రదర్శన. పాట తర్వాత వచ్చి చేరింది. 1942లో జీన్ ఆట్రీతో స్టార్ గాయకుల్ని పిలవడం మొదలైంది. అంటే ఇంటికి పెద్ద ఎద్దే, పాట కాదు.

బుల్ రైడింగ్‌నే తీసుకోండి. ఎగిరే ఎద్దు మీద ఎనిమిది సెకన్లు కూర్చోవాలి. ఒక చేత్తోనే తాడు పట్టుకోవాలి, రెండో చెయ్యి ఎద్దుకి తగిలిందా, సున్నా. నాకు ఒళ్లు పులకరించేది మార్కుల దగ్గర. వందలో సగం రైడర్‌కి, సగం ఎద్దుకి! ఎద్దు సాధువైతే ఎనిమిది సెకన్లూ కూర్చున్నా మనిషికి పెద్దగా ఏమీ రాలదు. పశువు ఎంత బాగా ఎదురు తిరిగిందో కొలిచి, దానికీ సగం మార్కులు ఇచ్చే ఆట ఇంకెక్కడుంది చెప్పండి?

కాసేపటికి దూడల్ని వదులుతారు. పట్టుకోవాల్సిన పిల్లల్లో సగం మందికి సరిపడా దూడలే ఉంటాయి. పిల్లలు దుమ్ములో పొర్లుతారు, తోక పట్టుకుని జారిపోతారు, చివరికి తలకి తాడు తగిలించి గీత దాకా ఈడ్చుకొస్తారు. దూడని పట్టిన పిల్లలకి దక్కేది కప్పు కాదు, ఓ పశువుని కొని ఏడాది పాటు పెంచుకోవడానికి సాయం. అలా పెంచిన పశువులు వేలానికొస్తాయి. 2022లో గ్రాండ్ చాంపియన్ కోడె పది లక్షల డాలర్లు పలికింది. పెంచినవాళ్లకి అందులో కొంత, మిగతాది స్కాలర్‌షిప్పులకి. ఇదంతా చూశాక అదే మట్టి మీదకి నక్షత్రం ఆకారపు వేదికను లాక్కొచ్చి, కరువు గురించీ నాన్న పాత ట్రక్కు గురించీ ఎవరో గొంతెత్తితే, అది వేరే పాట అయిపోతుంది. కార్లో విన్నది కాదు.

జంతుహింస కదా అంటారు. పరిగెత్తే దూడని తాడేసి పడగొట్టే పోటీ నాకూ నచ్చదు. ఎత్తేస్తే రోడియోకి పోయేదేమీ లేదు. కానీ దాన్ని చూపించి మొత్తం రోడియోనే మూసేయమనేవాళ్లు ఆ పశువుల పోషణ ఎవరు చూస్తారో కూడా చెప్పాలి.

అసలు మనకి ఆ ఎద్దులు పరాయివా? రైడర్లని ఎగరేసి పడేసే ఎద్దుల్లో చాలావాటి మూపురం చూడండి. అది బ్రాహ్మన్ రక్తం. టెక్సస్ ఎండకీ పిడుదులకీ యూరప్ పశువులు తట్టుకోలేకపోతే, గిర్, గుజరాత్, కృష్ణా వ్యాలీ జాతులతో పాటు మన ఒంగోలునీ కలిపి తయారుచేసుకున్న జాతి. 1924లో పెట్టిన బ్రాహ్మన్ పెంపకందార్ల సంఘానికి తొలి కార్యదర్శి జె.డబ్ల్యూ. సార్ట్‌వెల్. హ్యూస్టన్ ప్రదర్శనకి మొదటి అధ్యక్షుడూ ఆయనే. అటు బ్రెజిల్‌లో నెలోర్ పేరుతో మన జాతే కోట్లలో మేస్తోంది.

మరి పుట్టిన చోట? తిరునాళ్లలో ఎద్దుల వయసును బట్టి రెండు పళ్ల, నాలుగు పళ్ల, ఆరు పళ్ల, సీనియర్స్ విభాగాల్లో బండ లాగుడు పోటీలు పెడతాం. గట్టు మీద నాయకుల ఫ్లెక్సీలు ఎద్దుల కంటే ఎత్తుగా ఉంటాయి. జత మేపడానికి రైతు పెట్టిన ఖర్చు ముందు గెలిచినవాడి బహుమతి ఏ మూలకి? చర్నాకోల దెబ్బలకి హద్దు పెట్టి, పశువైద్యుణ్ణి పక్కన నిలబెట్టి, టికెట్ పెట్టి, ఆ డబ్బులో వాటా జాతిని కాపాడే రైతుకే ఇవ్వొచ్చు కదా! సినిమా గాయకుల లైవ్ షోలకి హైదరాబాద్‌లో వేలు పోస్తున్నాం. అందులో ఒక్క షో ఒంగోలుకి తీసుకెళ్లి, సీనియర్స్ ఫైనల్ అయ్యాక రాత్రికి పెట్టండి. గేటు మాత్రం మధ్యాహ్నమే మూసేయండి, ఎద్దుల్ని చూడనివాళ్లకి పాట లేదని.