నేర్పుకు అడ్డు నిలిచిన లెవెళ్లు: ‘ట్రయల్స్ రైజింగ్’ బలం ఎక్కడ, బలహీనత ఎక్కడ?

మోటారు సైకిల్ విన్యాసాల వీడియో గేముల్లో ‘ట్రయల్స్’ వరుసది వేరే దారి. ఇందులో బండిని మలుపు తిప్పే పనే లేదు. ఒకే గీత మీద గుట్టలు, గోతులు, వేలాడే పలకలు దాటుకుంటూ పోవాలి. యాక్సిలరేటర్, బ్రేకు, రైడర్‌ను ముందుకో వెనక్కో వంచడం తప్ప ఆటగాడి చేతిలో మరేమీ ఉండదు. పడిపోతే ఒక్క మీట నొక్కగానే చెక్‌పాయింట్ దగ్గర మళ్లీ మొదలు. తప్పు ఎవరిదో ఆ క్షణంలోనే తెలిసిపోతుంది కాబట్టి విసుగు కన్నా పంతమే ఎక్కువ పుడుతుంది. ఫిన్లాండ్‌కు చెందిన రెడ్‌లింక్స్ సంస్థ ఈ వరుసను నిలబెట్టింది ఆ పంతం మీదే.

2009 నాటి ‘ట్రయల్స్ హెచ్‌డీ’ గోదాముల చీకట్లో సాగితే, 2012లో ‘ఎవల్యూషన్’ ఆరుబయటికి వచ్చింది. 2014 నాటి ‘ఫ్యూజన్’ గాలిలో చేసే విన్యాసాలకు మార్కులు వేసింది. ఈ వరుసకు ఆ హంగు అతకలేదనే నా అభిప్రాయం. ఇక 2019 ఫిబ్రవరిలో ప్రచురణ సంస్థ యూబీసాఫ్ట్ విడుదల చేసిన ‘రైజింగ్’ పాత పద్ధతికే మొగ్గు చూపింది. ట్రాక్‌లు మాత్రం ప్రపంచమంతటా పరుచుకున్నాయి. ఈఫిల్ టవర్, చైనా గోడ వంటి చోట్ల బండి వెళ్తుంటే చుట్టూ కట్టడాలు కూలుతాయి, వాహనాలు ఎగిరిపడతాయి. ఆ హడావుడిలోనూ తర్వాతి ఎత్తు ఎక్కడుందో కంటికి స్పష్టంగా కనిపించేలా రూపొందించడం తేలిక పని కాదు. గమ్యం చేరాక రైడర్‌ను ఏదో ఒక విచిత్ర ప్రమాదంలో పడేసే పాత కొంటెతనం కూడా అలాగే ఉంది.

అయితే ‘రైజింగ్’ సాధించిన అసలు ఘనత శిక్షణ పాఠాలు. మధ్యస్థాయి ట్రాక్‌ల వరకు హాయిగా సాగిన ఆట, కఠినమైన ట్రాక్‌ల దగ్గర గోడలా అడ్డం నిలబడటం ఈ వరుసకు పాత జబ్బు. వెనక్కి వంగి, ముందు చక్రం లేవగానే శరీరాన్ని ఒక్కసారిగా ముందుకు విసిరితే వెనుక చక్రం కూడా నేల విడుస్తుందని కొత్తవారు తమంతట తాము కనిపెట్టడం కష్టం. ఇక్కడ అలాంటి మెలకువలను ముక్కలు చేసి, ఒక్కో ముక్కనూ విడిగా సాధన చేయిస్తారు. నాకు తెలిసినంతలో ఇంత ఓపికగా నేర్పిన రేసింగ్ ఆటలు చాలా తక్కువ.

అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, ఇంత చక్కగా నేర్పిన ఆట నేర్చినదాన్ని వాడుకోనివ్వదు. తర్వాతి ట్రాక్‌లు తెరుచుకోవాలంటే రైడర్ లెవెల్ పెరగాలి. అది పెరగాలంటే స్పాన్సర్ల కాంట్రాక్టులు పూర్తి చేయాలి. అంటే దాటేసిన ట్రాక్ మీదికే మళ్లీ వెళ్లి ఇన్ని పల్టీలు కొట్టాలి, ఇంత దూరం వెనుక చక్రం మీద పోవాలి, ఫలానా రైడర్‌ను ఓడించాలి. వీటిలో కొన్ని పనికొచ్చేవే. ఒక్కసారి కూడా పడకుండా ట్రాక్ ముగించాలనే షరతు ఆ ట్రాక్‌ను నిజంగా అర్థం చేసుకునేలా చేస్తుంది. ఇష్టమున్నవారికే వదిలేస్తే ఇవి అదనపు ఆకర్షణ అయ్యేవి, తప్పనిసరి చేయడంతో వెట్టిచాకిరీ అయ్యాయి. ‘ఎవల్యూషన్’లోనూ తాళాలుండేవి కానీ అవి పతకాలతో తెరుచుకునేవి. పతకం కొలిచేది నైపుణ్యాన్ని, లెవెల్ కొలిచేది వెచ్చించిన గంటలను. ఈ తేడాను గుర్తించకపోవడమే ‘రైజింగ్’ చేసిన పెద్ద పొరపాటు.

లెవెల్ పెరిగినప్పుడల్లా చేతికొచ్చే పెట్టెల సంగతి సరేసరి. వాటిలో ఉండేవి బట్టలు, స్టిక్కర్లు, బండి అలంకరణలు. వేగాన్ని పెంచేది ఏదీ లేదు కాబట్టి పోటీలో అన్యాయం జరగదు. అయినా నచ్చిన హెల్మెట్ కోసం అదృష్టం మీద ఆధారపడటం చికాకే.

ఇద్దరు కలిసి ఒకే బండి నడిపే టాండెమ్ మాత్రం అచ్చమైన అల్లరి. ఇద్దరూ ఒకే లయలో వంగకపోతే బండి అడుగు ముందుకు వేయదు. సొంత ట్రాక్‌లు తయారుచేసుకునే ట్రాక్ ఎడిటర్ శక్తిమంతమైనదే కానీ ఓపికమంతులకే లొంగుతుంది.

ఈ వరుసను ఎన్నడూ ఆడనివారు ‘రైజింగ్’తోనే మొదలుపెట్టడం మంచిది, ఆ పాఠాల కోసమైనా. ఇప్పటికే చేయి తిరిగినవారికి ‘ఎవల్యూషన్’ ఇప్పటికీ మెరుగైన ఆటే.