సవరణ: లాక్‌డౌన్‌లో హెచ్‌ఐవీ మందుల వాడకం

2020 లాక్‌డౌన్‌లో హెచ్‌ఐవీ చికిత్స కొనసాగించడంపై ఇంతకుముందు రాసిన టపాలో ‘చేతిలో ఉన్న మాత్రలను జాగ్రత్తగా వాడుకోవాలి’ అన్న వాక్యాన్ని కొందరు పాఠకులు రోజు విడిచి రోజు వేసుకుని పొదుపు చేయమన్నట్లుగా అర్థం చేసుకున్నారు. దాని స్థానంలో ‘మాత్రలు అయిపోకముందే ఏఆర్‌టీ కేంద్రాన్ని (హెచ్‌ఐవీ మందులిచ్చే కేంద్రాన్ని) సంప్రదించాలి’ అని చదువుకోవాలి.

ఈ మందులు వైరస్‌ను శరీరం నుంచి పూర్తిగా తొలగించవు, పెరగకుండా అణచి ఉంచుతాయి. రోజు విడిచి రోజు వేసుకుంటే రక్తంలో మందు స్థాయి పడిపోతుంది. ఆ అదనులో పెరిగే వైరస్ మందులకు లొంగని రూపం దాల్చే ప్రమాదం ఉంది, అప్పుడు అవే మాత్రలు మళ్లీ సక్రమంగా మొదలుపెట్టినా పనిచేయకపోవచ్చు. మరచిన మాత్రను గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి గానీ, తర్వాతి పూట రెండు కలిపి వేసుకోకూడదు.

సుగ్గికని (కోత పనుల వలసకని) గుంటూరు మిరప చేలకు పోయే ఆదోని, కోసిగి కూలీల వంటివారి సంగతి ఆ టపాలో ఒక్క ముక్కతో సరిపోయేది కాదు. కర్నూలులో నమోదై అక్కడికి రాలేనివారు తామున్న చోటికి దగ్గరలోని ఏఆర్‌టీ కేంద్రంలోనే మందులు తీసుకునే వీలును జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ అప్పట్లో కల్పించింది. ఒకేసారి ఎక్కువ నెలల మందులివ్వాలనీ సూచించింది. వివరాలకు ఆ సంస్థ హెల్ప్‌లైన్ 1097 నంబరు ఉంది.

ఈ మాత్రలు కోవిడ్‌కు పనిచేస్తాయా అని కూడా అడిగారు. హెచ్‌ఐవీకి వాడే లోపినావిర్–రిటోనవిర్ మందుల జంట ఆసుపత్రిలో చేరిన కోవిడ్ రోగులకు మేలు చేయలేదని 2020లోనే పెద్ద పరీక్షల్లో తేలింది కనుక, అడిగిన బంధువులకు మీ మాత్రలు పంచవద్దు.