కేసు కొట్టేశారంటే ఎవరు గెలిచినట్టు?

'కేసు కొట్టేసిన హైకోర్టు' అని హెడ్డింగ్ పెట్టేది మేమే, కానీ ఇంతకీ గెలిచిందెవరు అని అడిగితే ఒక్కోసారి మా డెస్కులోనే తలోమాట వస్తది. మీరు వేసిన పిటిషన్ కొట్టేస్తే మీరు ఓడినట్టు, మీ మీద పెట్టిన ఎఫ్ఐఆర్ కొట్టేస్తే మీరు బయటపడ్డట్టు, కోర్టు బయట పెట్టిన మీ బండి ఎవడైనా కొట్టేస్తే అది ఇంకో కేసు.

'రెస్ జ్యుడికేటా' లాంటి మాటలతో అంత భయం లేదు, అర్థం కాలేదని మనకే తెలుస్తుంది కాబట్టి వకీలుసాబ్‌ని అడుగుతాం. తెలిసిన మాటలతోనే తంటా, తెలుసులే అనుకుని సంతకం పెట్టేస్తాం.

కబ్జా సంగతే చూడండి. ఉర్దూ కాగితాల్లో దానికి స్వాధీనం అనే అర్థం, భూమి కబ్జా ఇచ్చాం అంటే కొన్నవాడికి అప్పగించాం అని, అందులో దౌర్జన్యం ఏమీ లేదు. ఇవాళ సిటీలో ఆ మాట వింటే చెరువు శిఖం, రాత్రికి రాత్రి లేచిన ప్రహరీ గోడ గుర్తొస్తాయి. తాత కాగితంలో కబ్జా అని చూసి మనవడు బెదిరిపోతే వాడి తప్పేముంది?

ఐపీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న నేరాల చట్టం భారతీయ న్యాయ సంహితలో మనిషి కాకుండా ప్రాణమున్నది ఏదైనా జంతువే, దోమతో సహా. నిన్న పుట్టిన మగపిల్లాడు కూడా 'పురుషుడే'. వీటికి నవ్వుకోవచ్చు గానీ 'సదుద్దేశం' దగ్గర నవ్వు రాదు. చట్టాల్లో వచ్చే మామూలు మాటలకి అర్థాలు చెప్పే 1897 నాటి జనరల్ క్లాజెస్ యాక్ట్ ప్రకారం నిజాయితీగా చేస్తే చాలు, అజాగ్రత్తగా చేసినా అది సదుద్దేశమే, న్యాయ సంహిత మాత్రం తగిన జాగ్రత్త లేకపోతే దాన్ని సదుద్దేశమని ఒప్పుకోదు. రెండు చట్టాలూ ఇప్పుడు అమల్లో ఉన్నవే.

2023 జూన్‌లో మన తెలంగాణ హైకోర్టు ఒక భూవివాదంలో తెలుగులో తీర్పిచ్చింది, సంతోషించాం. కాకపోతే తెలుగు చేసినంత మాత్రాన ఈ చిక్కు పోదు, కబ్జా తెలుగు కాగితంలోనూ కబ్జానే. సమన్లకీ నోటీసులకీ ఒక పేజీ జతచేసి, ఇందులో ఈ మాటకి ఇదీ అర్థం అని మామూలు భాషలో రాసివ్వమని కోర్టుల్ని అడుగుతున్నాం. మా పేపర్లోనూ 'కొట్టివేత' అని వస్తే ఎవరి పిటిషనో, పోయిందెవరికో మొదటి లైన్లోనే రాస్తాం, మర్చిపోతే ఫోన్ చేసి తిట్టండి.